మాటకో ఇల్లు కట్టుకుందాం

కొండ దిగి వచ్చే మనిషి, రోడ్డు పక్క ఊరి మనిషి ఒకే అరుగు మీద కూర్చుని కష్టం చెప్పుకునే చోటు ఉంటే తుపాకీకి పని తగ్గుతుంది. రావికమతం లాంటి కొండ అంచు మండలంలో అలాంటి చర్చల ఇల్లు ఎలా ఉండాలి? ఎవరు కట్టాలి? తాళం ఎవరి చేతిలో ఉండాలి?

1967 అక్టోబరు 31. అప్పటి శ్రీకాకుళం జిల్లా పార్వతీపురం ఏజెన్సీ. మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ జరుగుతోంది. చుట్టుపక్కల గూడేల నుంచి జనం గుంపులుగా బయల్దేరారు. లేవిడి దగ్గర భూస్వాముల వర్గం వాళ్లను అడ్డగించింది. కాల్పులు జరిగాయి. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు నడిచింది, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. 1968 నవంబరులో శ్రీకాకుళ సాయుధ పోరాటం మొదలైంది. దాన్ని నడిపినవాళ్లలో ముఖ్యులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం ఇద్దరూ బడిపంతుళ్లే. 1970 జులై 10న ఇద్దరూ పోలీసు తూటాలకు బలయ్యారు.

లేవిడి దారిలో ఆ రోజు నడిచినవాళ్లు సభకు వెళ్తున్నవాళ్లు. కూలి రేట్లు, పోడు భూములు, షావుకారు అప్పులు, వెట్టిచాకిరీ గురించి నలుగురూ కూర్చుని మాట్లాడుకుందామని బయల్దేరినవాళ్లు. సభకు వెళ్లే దారి మూసుకుపోయాక మిగిలిన దారి అడవిలోకి తీసుకెళ్లింది.

యాభై ఏళ్లు దాటాక, 2018 సెప్టెంబరు 23న, విశాఖ ఏజెన్సీలోని డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మరో దారి మూసుకుపోయింది. అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. వాళ్లిద్దరూ గ్రామదర్శిని కార్యక్రమం కోసం, అంటే జనంతో మాట్లాడటానికి బయల్దేరినవాళ్లు. లేవిడిలో భూస్వామి పక్షం తుపాకీ, ఇక్కడ మావోయిస్టు తుపాకీ. రెండూ దెబ్బతీసింది సభనే.

ఉత్తరాంధ్ర కొండల్లో హింస గురించి మనం ఎన్నో మాట్లాడుకున్నాం. కూంబింగులు, ఎన్‌కౌంటర్లు, లొంగుబాట్లు, రివార్డులు మన పత్రికల్లో బోలెడు జాగా తీసుకున్నాయి. సభ గురించి మాత్రం తక్కువ మాట్లాడాం. జనం భయం లేకుండా కూర్చుని గట్టిగా వాదించుకుని, మళ్లీ క్షేమంగా ఇంటికి వెళ్లగలిగే చోటు ఏది? దానికి గోడలు, కప్పు, గుమ్మం ఎలా ఉండాలి? ఈ కథనం ఆ ఇంటి గురించి.

గంటం దొర నుంచి మంజీరా దాకా

రావికమతం నర్సీపట్నం రెవెన్యూ డివిజన్‌లో ఉంది. ఆ నర్సీపట్నానికి పక్కనే ఉన్న గొలుగొండ మండలం కృష్ణదేవిపేటలో అల్లూరి సీతారామరాజు సమాధి ఉంది. అల్లూరిని ఏ తీవ్రవాది పక్కనా నిలబెట్టలేం. పరాయి పాలన మీద పోరాడిన వీరుడాయన. కానీ ఆయన కథలోనూ తుపాకీ కంటే ముందు ఒక సభ కనిపిస్తుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద జరిగిన దాడులు అందరికీ తెలుసు. అంతకుముందు ఆయన మన్యం ఊళ్లలో చేసిన పని అంతగా గుర్తుండదు. కోర్టుల చుట్టూ తిరగకుండా తగాదాలు పంచాయతీల్లో తీర్చుకోమన్నారు, తాగుడు మానమన్నారు. నలుగురూ కూర్చుని తేల్చుకునే అలవాటు నేర్పారు.

అదే సమయంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం వైపు నుంచి కొండ మీదికి వేసే రోడ్డు పనిలో గిరిజనుల చేత గొడ్డుచాకిరీ చేయించి సరైన కూలి ఇవ్వలేదు. అటవీ చట్టాలు తాతల నాటి పోడును నేరంగా మార్చాయి. బాస్టియన్ వల్ల నష్టపోయిన గాం గంటం దొర లాంటివాళ్ల మొర ఆలకించే గుమ్మం దొరకలేదు. తర్వాత జరిగింది చరిత్ర. 1924 మే 7న కొయ్యూరు దగ్గర అల్లూరిని కాల్చి చంపారు.

చర్చల మీద నమ్మకానికి మన రాష్ట్రంలో అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఎస్.ఆర్. శంకరన్. 1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు అపహరించిన ఐఏఎస్ అధికారుల్లో ఆయన ఒకరు. అలా బందీ అయిన మనిషే పదేళ్ల తర్వాత, 1997లో, కన్సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీకి సారథి అయ్యారు. కె.జి. కన్నబిరాన్, పొత్తూరి వెంకటేశ్వరరావు, హరగోపాల్ వంటివారు ఆ కమిటీలో పనిచేశారు. ఊరూరా తిరిగి రెండు తుపాకుల మధ్య నలిగినవాళ్ల గోడు విన్నారు. పోలీసుల హింసనూ, నక్సలైట్ల హింసనూ ఒకే గొంతుతో ప్రశ్నించారు. ఆ శ్రమ ఫలితంగానే 2004 అక్టోబరు 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో ప్రభుత్వ ప్రతినిధులు, నక్సలైట్ నాయకులు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. హోంమంత్రి జానారెడ్డి ఒకవైపు, రామకృష్ణ నాయకత్వంలోని బృందం మరోవైపు. చర్చలు జరిగిన మంజీరా అతిథిగృహం పేరు ఆ నాలుగు రోజులూ తెలుగునాడంతా మార్మోగింది.

2005 జనవరికల్లా చర్చలు విఫలమయ్యాయి. అయినా ఆ కూర్చోవడం వృథా పోలేదు. భూమి సమస్య మీద ప్రభుత్వం కోనేరు రంగారావు కమిటీని వేసింది. అది 104 సిఫార్సులు చేసింది. దశాబ్దాల కాల్పులు తేలేని ఒక కాగితాన్ని ఆ కొద్దిరోజుల మాటలు తెచ్చాయి. లోపం ఒకటే. ఆ బల్ల హైదరాబాద్‌లో ఉంది. గొడవ ఉన్న ఊళ్లో అలాంటి బల్ల ఎప్పుడూ లేదు.

ఇప్పుడే ఎందుకు

శ్రీకాకుళం జిల్లా జియ్యన్నపేటలో పుట్టి, వరంగల్ ఆర్‌ఈసీలో చదివి, మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి స్థానానికి ఎదిగిన నంబాల కేశవరావు 2025 మే 21న ఛత్తీస్‌గఢ్ అడవుల్లో ఎదురుకాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడాది నవంబరు 18న అప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా మారేడుమిల్లి అడవిలో మడవి హిడ్మా చనిపోయాడు. మావోయిజం అంతానికి కేంద్ర హోంశాఖ 2026 మార్చి 31ని గడువుగా ప్రకటించింది. ఇక ఆ అధ్యాయం ముగిసినట్టే, చర్చల ఇళ్లతో పనేముంది అని ఎవరికైనా అనిపించవచ్చు.

1970 తర్వాత కూడా సరిగ్గా అలాగే అనిపించింది. శ్రీకాకుళం కొండలు సద్దుమణిగాయి. ఫైళ్లు మూసేశారు. 1980ల్లో అదే తుపాకీ తూర్పు గోదావరి, విశాఖ ఏజెన్సీల్లో మళ్లీ మోగింది. తుపాకీ పట్టినవాడు పోయినంత మాత్రాన తుపాకీ పట్టించిన కారణం పోదు. తుపాకీ మోగుతున్నప్పుడు ఊళ్లో నోరు విప్పేవాడు ఉండడు. విప్పితే ఇటు ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర, అటు సానుభూతిపరుడన్న ముద్ర. ఆ భయం కాస్త తెరిపిచ్చిన ఈ రోజుల్లోనే మాట్లాడే అలవాటును నాటుకోవాలి.

తీవ్రవాదం ఒక్క అడవిలోనే ఉండదు కూడా. ఫోన్లో వచ్చే అబద్ధపు వీడియో చూసి పక్క మతం వాడి కొట్టు మీదికి కుర్రాళ్లు ఎగబడటం, ప్రేమించి పెళ్లి చేసుకున్న జంటను కులం పేరుతో వేటాడటం కూడా అదే జాతి విషం. ‘నువ్వు నాలా లేవు కాబట్టి నీ మాట వినను, నీ బతుకు ఉండనివ్వను’ అన్న తలంపు ఎక్కడున్నా తీవ్రవాదమే. దానికి మందు కూడా ఒకటే: ఎదుటివాణ్ని మనిషిగా ఎదురుగా కూర్చోబెట్టుకోవడం.

రావికమతమే ఎందుకు

బీఎన్ రోడ్డు అని జనం పిలుచుకునే భీమిలి-నర్సీపట్నం రోడ్డు మీద పోతుంటే చోడవరం దాటాక కొండలు దగ్గరవుతాయి. రావికమతం, కొత్తకోట ప్రాంతమంతా మైదానం కొండను తాకే అంచు. ఇటు చెరకు, వరి పండించే ఊళ్లు. అటు కల్యాణపులోవ జలాశయం, దాని వెనక కొండల మీద చలిసింగం, నేరెడుబంద వంటి గిరిజన శివారు గ్రామాలు. సరుకులకైనా, ఆసుపత్రికైనా, మండల ఆఫీసుకైనా కొండవాళ్లు దిగాల్సింది ఇటే. రోడ్డు లేక రోగులను, గర్భిణులను డోలీ కట్టి కిందికి దింపిన వార్తలు ఈ కొండల నుంచి ఏటా వస్తూనే ఉంటాయి.

ఇక్కడి గిరిజనులది ఒక విచిత్రమైన స్థితి. మనుషులు షెడ్యూల్డ్ తెగలవారే, కానీ వాళ్ల ఊళ్లు షెడ్యూల్డ్ ప్రాంతంలో లేవు. కొండకు అవతల చింతపల్లిలో గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనకుండా 1/70 చట్టం కాపాడుతుంది. కొండకు ఇవతల కాపాడదు. గ్రామసభకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం అక్కడ వర్తిస్తుంది, ఇక్కడ వర్తించదు. రావికమతం, రోలుగుంట, గొలుగొండ, నాతవరం మండలాల్లోని ఇలాంటి గ్రామాలను అయిదో షెడ్యూలులో చేర్చాలన్న డిమాండు ఏళ్ల తరబడి నానుతోంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఏజెన్సీ మండలాలు అల్లూరి జిల్లాలోకి వెళ్లాయి, ఇవి అనకాపల్లి జిల్లాలో ఉండిపోయాయి.

ఒక రక్షణ మాత్రం ఇక్కడా ఉంది. 2006 నాటి అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డ్ ప్రాంతమన్న గీత లేదు. అడవి భూమి మీద హక్కు తేల్చే పని గ్రామసభ నుంచే మొదలవ్వాలని ఆ చట్టం చెబుతోంది. ఆ సభలో కనీసం సగం మంది సభ్యులు ఉండాలి. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. చట్టం సభను తప్పనిసరి చేసింది. ఆ సభ కూర్చోవడానికి, పటాలు పరిచి చూసుకోవడానికి, పాత రసీదులు భద్రపరచుకోవడానికి చోటు ఎవరూ ఇవ్వలేదు. మనం కట్టాలనుకునే ఇంటికి మొదటి పని ఇక్కడే దొరికింది.

ఎలా కట్టకూడదు

మంచి ఇల్లు కట్టాలంటే ముందు చెడ్డ ఇళ్ల నుంచి నేర్చుకోవాలి.

మొదటి పాఠం బస్తర్‌ది. ఛత్తీస్‌గఢ్ అడవుల్లో పక్కా శ్లాబు వేసిన బడులు భద్రతా బలగాల శిబిరాలయ్యాయి. శిబిరాలవుతున్నాయన్న సాకుతో మావోయిస్టులు బడులను పేల్చేశారు. మధ్యలో పోయింది పిల్లల చదువు. బలగాలు బడులను ఖాళీ చేయాలని 2011లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మనకు దీన్నుంచి ఒక నిర్మాణ సూత్రం దొరుకుతుంది. ఈ ఇంటికి కాపలా కాసే మిద్దె ఉండకూడదు, ఎత్తయిన ప్రహరీ ఉండకూడదు. పెంకు కప్పు, సగం ఎత్తు గోడలు, నాలుగు వైపులా కనుచూపు పారే వసారా ఉండాలి. తుపాకీ పట్టిన ఏ పక్షానికీ పనికిరాకుండా ఉండటమే దీని రక్షణ.

రెండో పాఠం కొలంబియాలోని మెడెయిన్ నగరానిది. 1990ల ఆరంభంలో ఆ ఊరు మాదకద్రవ్యాల ముఠాల వల్ల ప్రపంచంలోనే అత్యంత హింసాత్మక నగరాల్లో ఒకటి. 2004 నుంచి 2007 దాకా మేయరుగా ఉన్న సెర్హియో ఫహార్దో, లెక్కల ప్రొఫెసరు, నగరంలో కెల్లా అందమైన భవనాలు అత్యంత పేదలున్న కొండవాలు బస్తీల్లోనే కట్టాలని పట్టుబట్టాడు. గ్రంథాలయ ఉద్యానాలు అలా వచ్చాయి. వాటిలో పేరుమోసిన స్పెయిన్ గ్రంథాలయం 2007లో తెరుచుకుంది. కొండ మీద మూడు నల్లరాతి బండల్లా నిలబడ్డ ఆ భవనాన్ని చూడటానికి ప్రపంచమంతా వచ్చింది. నిర్మాణ లోపాలు బయటపడి పదేళ్లు తిరక్కుండానే అది మూతపడింది. పేదల మధ్య మంచి భవనం కట్టాలన్న ఆలోచన వంద శాతం సరైనది. ఊరి మేస్త్రి బాగుచేయలేని భవనం కట్టడం మాత్రం తప్పు.

మూడో పాఠానికి దూరం వెళ్లనక్కర్లేదు. మన ఊళ్లలో కమ్యూనిటీ హాళ్లు లేకపోలేదు. వాటిలో చాలావాటికి తాళం వేసి ఉంటుంది, లేదా లోపల సిమెంటు బస్తాలు, ఎన్నికల నాటి ఫ్లెక్సీలు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో కులం వీధిలో ఉంటుంది కాబట్టి రెండో కులం గడప తొక్కదు. కట్టడం ఒక రోజు పండగ, నడపడం ఎవరి పనీ కాదు. ఇలాంటి హాలు ఇంకొకటి కట్టడం డబ్బు దండగ.

ఇంటి ప్లాను

స్థలం దగ్గర మొదలుపెడదాం. కొండదారి వచ్చి తారురోడ్డును కలిసే చోటుకు దగ్గర్లో ఉండాలి. ఏ కులం వీధిలోనూ వద్దు. గుడి, చర్చి, మసీదు పక్కన వద్దు. పోలీసు స్టేషనుకు, మండల ఆఫీసుకు ఆనుకుని వద్దు. బస్సు దిగిన మనిషి ఎవరినీ అడక్కుండా నడిచి రాగలగాలి.

రూపానికి ఉత్తరాంధ్రలోనే నమూనా ఉంది: చుట్టిల్లు. తుపాను గాలికి తల వంచి నిలబడే గుండ్రటి ఇల్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ను చూసిన జిల్లాలకు ఆ తెలివి విలువ చెప్పక్కర్లేదు. గుండ్రటి గదికి ఇంకో గుణం ఉంది. దానికి తలవైపు, కాళ్లవైపు అని ఉండవు. పెద్దకుర్చీ వేసే మూల దొరకదు. మనిషికి రెండడుగుల చోటు అనుకుంటే 40 మంది చుట్టూ అరుగు మీద కూర్చోవడానికి 80 అడుగుల చుట్టుకొలత కావాలి. అంటే 25 అడుగుల పైచిలుకు వ్యాసం. ఆ కొలతలో ఎవరి మొహం ఎవరికైనా కనిపిస్తుంది, మైకు లేకుండా ఎవరి గొంతు ఎవరికైనా వినిపిస్తుంది. మైకు లేకపోవడం ముఖ్యం. మైకు ఉన్నచోట ఉపన్యాసం ఉంటుంది, సంభాషణ ఉండదు. వేదిక వద్దు. కలెక్టరు వచ్చినా అదే అరుగు, కందిచేను కాపలా కాసే అవ్వ వచ్చినా అదే అరుగు.

పశ్చిమాఫ్రికాలోని మాలీలో డోగాన్ ప్రజలకు తొగునా అనే సభాస్థలం ఉంది. దాని కప్పు మనిషి నిలబడలేనంత కిందికి ఉంటుంది. కోపంతో ఎవరూ లేచి నిలబడకుండా అలా కట్టారని చెబుతారు. మనం అంత కిందికి దించక్కర్లేదు. మధ్యలో ఎత్తుగా, చూరు దగ్గర వంగి, కూర్చున్నవాళ్లకు నీడనిచ్చేలా కడితే చాలు. అదే ఆఫ్రికాలో బుర్కినా ఫాసోకు చెందిన ఫ్రాన్సిస్ కెరే తన సొంతూరు గాందోలో 2001లో ఊరివాళ్ల చేతులతోనే మట్టి ఇటుకల బడి కట్టించాడు. రేకు కప్పును కింది కప్పు మీద నుంచి ఎత్తి నిలబెట్టి, మధ్యలో గాలి ఆడేలా చేశాడు. మండుటెండలోనూ గది చల్లగా ఉంటుంది. 2022లో ఆయనకు వాస్తుశిల్పంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ పురస్కారం దక్కింది. మే నెల రావికమతానికి ఆ పాఠం పనికొస్తుంది. పెంకుల నడికప్పున వేడిగాలి పోయే సందు, గోడల్లో ఇటుక జాలీలు ఉంటే కరెంటు పోయిన మధ్యాహ్నమూ సభ ఆగదు.

గుమ్మాలు రెండుండాలి, ఎదురెదురుగా. భయపడ్డ మనిషి లోపలికి రాగానే ముందు బయటికి వెళ్లే దారి చూసుకుంటాడు. అది కనిపిస్తే గానీ స్థిమితంగా కూర్చోడు. మెట్ల పక్కనే వాలుదారి ఉండాలి. ఆడవాళ్లకు వేరుగా, తలుపుకు లోపలి నుంచి గడియ పడే మరుగుదొడ్లు, పసిపిల్లకు పాలిచ్చుకునే చిన్న గది తప్పనిసరి. ఇవి లేని చోట సభలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలన్న నియమం కాగితానికే పరిమితమవుతుంది.

గుండ్రటి సభ చుట్టూ నాలుగు గదులు చాలు. ఒకటి చదువుకునే గది. రెండోది కాగితాల గది: అడంగళ్లు, గ్రామపటాలు, అటవీ హక్కుల (ఆర్‌ఓఎఫ్‌ఆర్) పట్టాల దరఖాస్తులు, ప్రభుత్వ ఉత్తర్వుల ప్రతులు ఊరి వారీగా సంచుల్లో ఉండాలి. మూడోది వంటగది. నాలుగోది రాత్రి గది, ఆఫీసు పనికి దిగి చీకటి పడి కొండ ఎక్కలేకపోయినవాళ్లు తలదాచుకోవడానికి. ఇది దాతృత్వంలా కనిపించవచ్చు గానీ సంభాషణకు ఇదే పునాది. సాయంత్రం నాలుగింటికే తిరుగుదారి పట్టాల్సిన మనిషి ఏ చర్చలోనూ చివరిదాకా ఉండలేడు.

వసారా గోడకు అర్జీల పలక. ఒక వరసలో అడిగిన ప్రశ్న, తేదీ. ఎదురు వరసలో జవాబు, తేదీ. జవాబు రాకపోతే ఆ గడి ఖాళీగా అందరికీ కనబడాలి.

ఒకే పంక్తిలో

అమెరికన్ మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ద్వేషం మీద రాసిన ప్రసిద్ధ గ్రంథంలో ఒక మాట తేల్చాడు. పడని వర్గాలను ఊరికే ఒకచోట చేర్చినంత మాత్రాన పగ తగ్గదు. నాలుగు షరతులు కుదరాలి: ఆ చోట ఇద్దరి స్థాయీ సమానం కావాలి, ఇద్దరికీ పనికొచ్చే లక్ష్యం ఉండాలి, దానికోసం కలిసి చెయ్యి వెయ్యాలి, అధికారంలో ఉన్నవాళ్లు దానికి అండగా నిలవాలి. మన ఇంటికి ఈ నాలుగూ వర్తిస్తాయి. సమాన స్థాయిని అరుగు ఇస్తుంది. మిగతా మూడూ ఇంటి లోపల జరిగే పనులు ఇవ్వాలి.

యువకులు చర్చల కోసమని రారు. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షల పుస్తకాల కోసం వస్తారు. రానివ్వండి. కొండ కుర్రాడు, కొత్తకోట కుర్రాడు ఒకే పుస్తకం పంచుకోవడం దగ్గరే మొదటి మాట పుడుతుంది. వారానికొకసారి రెండు భిన్న పత్రికలు ఒకే వార్తను ఎలా రాశాయో చదివి వాదించుకుంటారు. వాదనకు ఒక్క నియమం: ఎదుటివాడు చెప్పింది అతను ఒప్పుకునేలా తిరిగి చెప్పాకే నీ జవాబు మొదలుపెట్టాలి. ఫోన్లో వచ్చిన వీడియో నిజమో అబద్ధమో పట్టుకోవడం అక్కడే నేర్చుకుంటారు. కోందు తెగ పెద్దలు తమ కువి భాషలో కథలు చెబుతారు, పిల్లలు వాటిని తెలుగు లిపిలో రాసిపెడతారు. తన భాషకు విలువ ఉన్నచోట మనిషి తన మనసులో మాట దాచుకోడు.

పెద్దలకు కలిసి చేసే పని సామాజిక తనిఖీ. ఉపాధి హామీ పనుల మీద సామాజిక తనిఖీకి దేశంలో దారి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2006లో మొదలైన ఆ పద్ధతిలో ఊరి చదువుకున్న పిల్లలే మస్టర్ రోల్ పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. తర్వాత మండల స్థాయి బహిరంగ విచారణలో కూలివాళ్లు అధికారుల ఎదుటే నిలబడి ‘నా పేరు మీద పడిన డబ్బు నాకు రాలేదు’ అని చెప్పారు. తుపాకీ లేకుండా అధికారాన్ని నిలదీయొచ్చని తెలుగు పల్లె నేర్చుకున్న పాఠమది. అలాంటి విచారణలు ఈ అరుగు మీద నెలనెలా జరగాలి. రేషను, ఆసుపత్రి, బడి, అటవీ హక్కులు వరసగా తీసుకోవాలి. సోమవారం కలెక్టరు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చుకోవడానికి అర్జీదారుడు అనకాపల్లి దాకా వెళ్లడం మామూలే. నెలకొకరోజు అధికారి ఇటు రావడమే అండగా నిలవడమంటే.

వంటగదిలో వండింది అందరూ ఒకే పంక్తిలో తినాలి. ఎవరు వండారన్న ప్రశ్న వచ్చిన రోజు ఆ ప్రశ్ననే అరుగు మీద చర్చకు పెట్టాలి.

తాళం ఎవరిది

ఇంటి భవిష్యత్తు ప్లాను కంటే తాళంచెవిలో ఎక్కువ ఉంటుంది. పోలీసులు కట్టించి ఇస్తే అది పోలీసుల ఇల్లవుతుంది, కొండవాడు రాడు. పార్టీ కట్టిస్తే రెండో పార్టీ రాదు. కాబట్టి నిర్వహణ ఊరి కమిటీ చేతిలో ఉండాలి. సగం మంది కొండ గ్రామాల నుంచి, సగం మంది ఆడవాళ్లు, రెండేళ్లకోసారి మారే బాధ్యతలు. జెండాలు, యూనిఫాం, ఆయుధం గుమ్మం బయటే ఆగాలి. వచ్చినవాళ్ల ఆధార్ అడగకూడదు, సంతకం పుస్తకం పెట్టకూడదు, సభను వీడియో తీయకూడదు. ఇక్కడ అన్న మాటకు బయట కేసు పడుతుందన్న అనుమానం ఒక్కసారి పుడితే అరుగులు ఖాళీ అవుతాయి. ఒకే ఒక్క మాటకు ఇక్కడ చోటు లేదు: ఫలానా మనిషిని చంపాలి, ఫలానా వాళ్లను తరమాలి అన్న పిలుపు. మిగతా ఏ కోపమైనా, ఎంత ఘాటుదైనా వినాల్సిందే.

డబ్బు సంగతికి వస్తే, తెలుగువాళ్లకు ఈ దారి కొత్త కాదు. 1914 ఏప్రిల్‌లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో గ్రంథాలయ మహాసభ జరిగింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షత వహించారు. సర్కారు సాయం కోసం చూడకుండా ఊరూరా చందాలతో గ్రంథాలయాలు లేచాయి. అవి పుస్తకాల గదులుగానే మిగల్లేదు, స్వరాజ్య భావాలు పెరిగిన సభలయ్యాయి. మన ఉత్తరాంధ్రలోనే, సాయుధ పోరాటం నడిచిన శ్రీకాకుళంలో, కాళీపట్నం రామారావు 1997లో కథానిలయం స్థాపించారు. అన్ని వాదాల రచయితల కథలూ అక్కడ ఒకే కప్పు కింద ఉన్నాయి. ఒక బడిపంతులు సంకల్పం అంత పని చేయగలిగింది.

1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఇప్పటికే కడుతున్నాం. ఆ డబ్బు గ్రంథాలయాలకు సక్రమంగా చేరేలా చూడటం, దానికి ఎంపీ, ఎమ్మెల్యే నిధుల్లో కొంత, ఊరి శ్రమ కొంత కలపడం అసాధ్యం కాదు. కట్టేటప్పుడే ఏటా మరమ్మతుకు, ఇద్దరు నిర్వాహకుల జీతానికి నిధి పక్కన పెట్టాలి. నిర్వాహకుల్లో ఒకరికి కువి భాష రావాలి. ఆ నిధి లేకపోతే పునాది తవ్వకపోవడమే మేలు.

ఈ ఇల్లు భూమి పంచదు, రోడ్డు వేయదు, పట్టా ఇవ్వదు. ఆ పనులు ప్రభుత్వానివి. అర్జీల పలక మీద జవాబుల వరస ఏళ్ల తరబడి ఖాళీగా ఉండిపోతే ఈ ఇల్లు కూడా ఇంకో మోసమే అవుతుంది. అప్పుడు కోపం మళ్లీ పాత దారి వెతుక్కుంటుంది. జవాబు వస్తే మాత్రం, ఆలస్యంగానైనా, ‘వీలుకాదు, ఇదీ కారణం’ అనైనా వస్తే, మనిషి మళ్లీ అరుగు మీదికే వస్తాడు. మాట మీద నమ్మకం అలా పెరుగుతుంది.

రావికమతం వాసులైనా, ఇంకే కొండ అంచు ఊరివాళ్లైనా, వచ్చే గ్రామసభకు తప్పక వెళ్లండి. మూడు ప్రశ్నలు అడిగి తీర్మానంలో రాయించండి: మన ఊళ్లో అన్ని కులాలూ, కొండవాళ్లూ కలిసి కూర్చునే చోటు ఏది? దాని తాళం ఎవరి దగ్గర ఉంది? మనం కట్టిన గ్రంథాలయ సెస్సు ఎక్కడికి వెళ్లింది? ఈ మూడింటికీ జవాబు రాబట్టిన ఊరు తన ఇంటికి శంకుస్థాపన చేసుకున్నట్టే.